చెలిమెలో చెయ్యి

1960 ఫిబ్రవరి 22, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఆముదం కుండ పగిలింది. నిమిషంతో సహా ఎలా గుర్తుందంటే, నేను కాపురానికి వచ్చేటప్పుడు మా నాయిన ఇచ్చిన టైంపీసును కిటికీలో, వాకిట్లోకి కనిపించేలా పెట్టుకునేదాన్ని. పాపకు పాలిచ్చే వేళయిందేమోనని అప్పుడే దాని వైపు చూశాను. చూపు ఇంకా ముల్లు మీదే ఉంది, వెనక పెంకు విచ్చిన చప్పుడు, దాని వెంటే అత్తమ్మ కేక వినిపించాయి.

మాది కొత్తకోటకు రెండు క్రోసుల దూరంలో ఉన్న ఊరు. ఆ రోజుల్లో ఏడాదికి సరిపడా ఆముదం ఇంట్లోనే వండుకునేవాళ్ళం. గింజలు వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్ళలో వేసి చాలాసేపు మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో నెమ్మదిగా తేర్చుకోవాలి. తేర్చే పని అత్తమ్మదే. నాకిస్తే సగం నీళ్ళే వస్తాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ సాయంత్రం కుండకు బీట పడి ఒక పక్కకు ఒరిగితే, ఏడాది నూనె పోతుందని ఆమె కుడిచేత్తో ఆపబోయింది. మరుగుతున్న నూనె, ముద్ద కలిసి మోచేతి కింది నుంచి వేళ్ళ కొసల దాకా పడ్డాయి.

ఊరివాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. సున్నపు తేట, నూనె కలిపి పూశారు. కానీ వాళ్ళ ముఖాల్లో జాలి కన్నా ముందు ఇంకొకటి కనిపించింది, ఆశ్చర్యం. ఈమెకు కాలడమేమిటి?

దానికి కారణం ఉంది. అత్తమ్మ శిగమూగే మనిషి. వైశాఖంలో ఎల్లమ్మ పండుగ నాడు డప్పులు మోగగానే ఆమెకు అమ్మవారు పూనేది. జుట్టు విరబోసుకుని, రెండు చేతుల్లో వేపమండలు పట్టుకుని, గుడి ముందు పరిచిన నిప్పుల గుండం మీద అందరికన్నా ముందు నడిచేది. ఆమె దాటాకే ఊరు దాటేది. నేను ఆ ఇంటికి వచ్చిన మొదటి ఏడు, ఆమె కాళ్ళు కడిగే వంకతో పాదాలు తిప్పి చూశాను. ఒక్క బొబ్బ కూడా లేదు.

అత్తమ్మకు ఒక అక్క ఉండేది. నేను పెద్దత్త అని పిలిచేదాన్ని. పిల్లలు లేని మనిషి, చెల్లెలి ఇంట్లోనే ఉండేది, మనసులో మాట నోట్లో ఆగేది కాదు. చెల్లెలి చేతికి నెమలి ఈకతో పూత పూస్తూనే అడిగింది.

"గుండం మీద నడిసినదానివి, కుండకు కాలినవా? అమ్మకు ఏం తక్కువ చేసినవే?"

"గుండం మీద నడిసేటప్పుడు నేనుండనక్కా, అమ్మ ఉంటది. ఆముదం వండేటప్పుడు నేనే ఉంటి" అంది అత్తమ్మ పళ్ళు బిగపట్టి.

వారం తిరిగేసరికి చెయ్యి చీము పట్టింది. మా ఇంటాయన బస్సులో మమ్మల్ని పాలమూరు తీసుకెళ్ళాడు. స్టేషన్ దగ్గర ఒక డాక్టరు చిన్న దవాఖాన పెట్టుకుని ఉండేవాడు. యుద్ధంలో పనిచేసి వచ్చిన పెద్దాయన. పక్క వీధిలో ఒక గది కిరాయికి తీసుకుని అత్తమ్మ, పెద్దత్త, చంటిపాపతో నేను అక్కడే ఉండిపోయాం. మా ఆయన సేద్యం చూసుకోవడానికి వెనక్కి వెళ్ళాడు.

కాలిన చోట కట్టు కట్టడం కన్నా విప్పడం నరకమని నాకు అప్పుడే తెలిసింది. గాజుగుడ్డ పుండుకు అతుక్కుంటుంది. తడిపినా లాగాల్సిందే. మొదటిరోజు అత్తమ్మ అరుపుకు వీధిలో టాంగా గుర్రం బెదిరింది. రెండోరోజు స్పృహ తప్పింది. మూడోరోజు చేతిని పొట్టకు అదుముకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"పోతె పోనియ్యి సారూ గీ చెయ్యి. ముట్టకు."

డాక్టరు స్టూలు జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, జర ఇను. వేళ్ళు విడివిడిగ కట్టాలె. దినాం సాపాలె. లేకుంటె తోలు అతుక్కోని పిడికిలి లెక్క అయితది. ఇగ జన్మల తెరుసుకోదు. ఇప్పటికే గీ రెండు వేళ్ళు చూడు."

చూశాం. చిటికెన వేలు, ఉంగరపు వేలు ఒకదాన్నొకటి అంటుకుని, బాతు కాలిలా మధ్యలో పలుచని తోలు పట్టింది.

"నొప్పికి సూది లేదా సారూ?" అని నేను అడిగాను.

"ఉన్నది బిడ్డా. దినాం ఇచ్చే సూది కాదది. దానికి అలవాటు పడితె ఇంకో రోగం. ఇంకో తోవ ఉన్నది. హిప్నాటిజం అంటరు. లడాయిల మందులు అయిపోయినప్పుడు నేర్సుకున్న."

ఆ మాట వినగానే పెద్దత్త లేచి నిలబడింది. "నాకెరుకే! కొత్తకోట అంగట్ల సూసిన. ఒకడు గడ్డమున్నోన్ని నిలవెట్టి కుక్క లెక్క మొరిగిపిచ్చిండు. మా చెల్లెను గూడ మొరిగిపిస్తవా?"

"ఆమెకు మొరగబుద్ధయితె మొరుగుతది. నేను చెప్తె మొరగది" అని డాక్టరు నవ్వాడు.

నేను పట్టువదిలే మనిషిని కాను. ఎంతసేపు పడుతుంది, ఆమె నిద్రపోతుందా, మా మాటలు వినిపిస్తాయా, ఇంటి గుట్టు బయటపెడుతుందా, లేవకపోతే ఏం చేయాలి అని వరుసగా అడిగాను. ఆయన విసుక్కోలేదు. నిద్ర రాదు, అన్నీ వినిపిస్తూనే ఉంటాయి, చెప్పకూడదనుకున్నది ఆమె చెప్పదు, వద్దనిపిస్తే కళ్ళు తెరిచి లేచి వెళ్ళిపోవచ్చు అన్నాడు. పుండును మాన్పేది మందే, దీంతో మానదు. నొప్పి దూరం జరుగుతుంది, అంతే. అది కూడా అందరికీ జరగదు, ఈమెకు జరుగుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు.

"లేవకుంటె?" అని నేను మళ్ళీ అడిగాను.

"నేను నడుమలనే సచ్చిపోయిన అనుకో. ఆమె జరసేపటికి తానే కండ్లు తెరిసి, డాక్టరు సచ్చిండని నీకు చెప్తది."

అత్తమ్మ గోడ వైపు నుంచి తిరిగింది. ఆమెను తొలుస్తున్నది వేరే సంగతి.

"సారూ, నా మీదికి అమ్మ వస్తది. అదే తోవల నువ్వు లోపలికి వస్తవా? నువ్వు వస్తె ఆమె రాదేమో. చెయ్యి దక్కి అమ్మ పోతె నేనేం కావాలె?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "నాకు తెల్వదమ్మా. చెయ్యి సంగతి అయితె చెప్పగల్త. అమ్మ సంగతి నాకు తెల్వది."

ఆ మధ్యాహ్నమంతా ఆమె గది ముందరి అరుగు మీద కూర్చుంది. అన్నం తినలేదు. ఒకసారి లేచి, జారుతున్న చీర కుచ్చిళ్ళను ఎడమచేత్తో దోపుకోబోయింది. రెండుసార్లు జారిపోయాయి. నేను వెళ్ళి దోపాను. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఇల్లంతా తన చేతిమీద నడిపిన మనిషి, కోడలి చేత చీర కట్టించుకుంటూ ఆకాశం వైపు చూస్తూ నిలబడింది.

"ఎన్నొద్దులు కట్టిపిచ్చుకోవాలె నీతోటి? పా, పొద్దున పోదాం" అంది.

మర్నాడు పెద్దత్త కొంగులో పసుపు, కర్పూరం, వేపమండలు మూటకట్టుకుని వచ్చింది. పూనకానికి ఏం కావాలో ఆమెకు తెలుసు. తెలియనిదల్లా ఇది పూనకం కాదన్నదే. డాక్టరు ఆ మూట చూశాడు. అత్తమ్మను పడక కుర్చీలో వెనక్కి వాలమన్నాడు. గోడ మీద మేకు చూపించి దాన్నే చూస్తూ ఊపిరి మెల్లగా వదలమన్నాడు. అత్తమ్మ తనకు తెలిసిన దారిలో బయలుదేరింది. కొప్పు విప్పేసింది. తల ఊపసాగింది. గొంతులోంచి ఆ పండుగనాటి హుంకారం వచ్చింది. పెద్దత్త గబగబా కర్పూరం వెలిగించి సాగిలపడింది. నా ఒళ్ళో పాప ఏడుపు అందుకుంది.

"ఆగున్రి, ఆగున్రి" అంటూ డాక్టరు కర్పూరం ఆర్పాడు. "అమ్మా, ఇక్కడ నీ మీదికి ఎవ్వరు రారు. నువ్వే పోవాలె."

"నేను మనిషిని సారూ. నాతోటి ఎట్లయితది?"

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. పూలతోటలో ఉన్నావనుకో అన్నాడు. చేతికి మంచుగడ్డ ఆనించినట్టు అనుకో అన్నాడు. అత్తమ్మ ఒక కన్ను తెరిచి, "మంచుగడ్డ నేనెన్నడు ముట్టలె సారూ" అంది. ఆ రోజు పని జరగలేదు. కట్టు మామూలుగానే విప్పారు. అరుపులూ మామూలే.

ఆ తర్వాతి రోజు డాక్టరు మేకు సంగతీ తోట సంగతీ ఎత్తలేదు. "అమ్మా, నీ చేతికి అన్నిటికన్న సల్లగ ఎక్కడ తాకింది?" అని అడిగాడు.

అత్తమ్మ ఆలోచించనైనా లేదు. "చెలిమెల."

మా వైపు ఎండాకాలం వాగు ఎండిపోతుంది. ఆడవాళ్ళు ఇసుకలో మోచేతిలోతు గుంత తవ్వి కూర్చుంటారు. కాసేపటికి అడుగు నుంచి నీళ్ళు ఊరతాయి. అదే చెలిమె. పైన ఇసుక కాళ్ళు మాడ్చేస్తుంది, లోపల నీళ్ళు జివ్వుమంటాయి. చిప్పతో తోడి, బిందె నింపి, మళ్ళీ ఊరేదాకా చేతిని ఆ గుంతలోనే ఉంచి కూర్చుంటాం. బిందె నిండేదాకా ఇంకే పనీ ఉండదు. ఆడవాళ్ళకు ఊరికే కూర్చోవడానికి ఊళ్ళో ఉన్న చోటు అదొక్కటే.

"పా, అక్కడికే పోదాం. నువ్వు ముందు నడువు, నేను ఎనుక వస్త. ఏం కనపడ్తాందో చెప్పు" అన్నాడు డాక్టరు.

ఆమె కళ్ళు మూసుకుంది. గట్టు దిగానంది. ఇసుక కాలుతోందంది. కూర్చున్నానంది. ఎడమచేత్తో తవ్వుతున్నట్టు వేళ్ళు కదిలాయి. ఆమె మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. భుజాలు కిందికి జారాయి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె నుదుటి మీద నేను చూస్తున్న నిలువు గీత ఎప్పుడు పోయిందో తెలియలేదు, చూస్తే లేదు.

"కుడిచెయ్యి ముంచు. నీళ్ళు ఊరుతున్నయా?"

"ఊరుతాంది. వేళ్ళు మునిగినయి... మణికట్టు మునిగింది."

"ఎట్లున్నది?"

"జివ్వుమంటాంది. ఇగ తెలుస్తలేదు. చెయ్యి ఎవలిదో లెక్కున్నది."

డాక్టరు సూదిమొనతో మోచేతి దగ్గర మంచి తోలు మీద గుచ్చాడు. ఆమె కదల్లేదు. ఆయన నా వైపు చూశాడు. తర్వాత కత్తెర తీసుకుని కట్టు కోసి, గాజుగుడ్డ అంచు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.

నేను నా వేళ్ళు కొరుక్కున్నాను. గుడ్డ లేస్తూ ఉంటే కింద ఎర్రని మాంసం కనిపిస్తోంది, రక్తం బొట్లుగా వస్తోంది. నిన్న ఇదే చోట వీధి దద్దరిల్లేలా అరిచిన మనిషి ముఖం మీద చెట్టునీడ పడినట్టు ఉంది. ఒళ్ళో పాప ఆ ముఖాన్నే చూస్తోంది. ఇన్నేళ్ళు బతికాను, కరెంటు దీపం మా ఇంట్లో మొదటిసారి వెలిగిన సాయంత్రాన్ని చూశాను, మనుమరాలు రేడియోలో మాట్లాడితే విన్నాను. ఆ ఉదయం ముందు అవన్నీ చిన్నవే. మంత్రం లేదు, మందు లేదు. ఎండిన వాగులో చిన్న గుంత, అదీ ఆమె తలలోనే ఉంది. అంత నొప్పి అందులో మునిగిపోయింది.

సరిగ్గా అప్పుడే పెద్దత్తకు ఆగలేదు. ఆమె లెక్కలో ఇంత శక్తి అమ్మవారిది కాక ఇంకెవరిది? చేతులు జోడించి ముందుకు వంగింది.

"తల్లీ, ఈ యేడు వానలు పడ్తయా? పోయిన మేకపిల్ల యాడున్నదో చెప్పు తల్లీ!"

అత్తమ్మ కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. గొంతు ఆమెదే, రోజూ వంటింట్లో వినే గొంతే.

"నాకేమెరుక అక్కా. నేనేమన్న ఎల్లమ్మనా? జర సప్పుడు జెయ్యకు, నీళ్ళు ఊరనియ్యి."

డాక్టరు చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆయనకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు, కళ్ళ వెంట నీళ్ళూ ఆగలేదు. పెద్దత్త మాత్రం "గదేంది, గింత పనికి గిట్ల కసురుతదా" అని గొణుక్కుంటూ, ఆ రోజు కూడా తెచ్చి విప్పి పెట్టుకున్న మూటను తిరిగి కొంగున కట్టుకుంది.

కొత్త కట్టు కట్టాక, గట్టు ఎక్కి ఇంటికి రమ్మన్నాడు డాక్టరు. ఆమె కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసి, "అయిపాయెనా?" అంది.

"నొప్పి లేకుండెనా అత్తమ్మా?" అని అడిగాను.

"ఉండె. ఎందుకుండది? కాని అది గట్టు మీద ఉండె. నేను ఇసుకల ఉంటి."

ఆ రోజు నుంచి ఏప్రిల్ మధ్య దాకా అదే పద్ధతి. అన్నిరోజులూ ఒకేలా జరగలేదు. రైలు కూత పెడితే ఒకసారి మధ్యలోనే బయటికి వచ్చేసింది, ఆ పూట అరిచింది. ఇంకో రోజు ఎంత తవ్వినా నీళ్ళు ఊరలేదంది. కానీ చివరి రోజులకు డాక్టరు దారి చూపే పని లేకుండా పోయింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికే ఆమె వాగులో ఉండేది. వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి చాపుతుంటే పళ్ళు బిగించకుండా చాపనిచ్చేది. ఇంత సులువుగా లోపలికి వెళ్ళేవాళ్ళు చాలా తక్కువని ఆయన అన్నాడు. శిగమూగే అలవాటే అందుకు సాయపడిందేమోనని నేనన్నాను. అయ్యుండొచ్చన్నాడు.

నన్ను కూడా చూడమని ఒకరోజు అడిగాను. నాకు తరచూ తలనొప్పి వచ్చేది. కళ్ళు మూసుకున్నాను. ఆయన మాటలు లెక్కపెడుతూ, గోడగడియారం టిక్కులు లెక్కపెడుతూ కూర్చున్నాను. "నీ కోడలు వాగుకు పోయి గూడ బిందెలు లెక్కవెడ్తాంది" అని ఆయన అత్తమ్మతో అన్నాడు. నా తలనొప్పి నాకే ఉండిపోయింది.

మేం ఊరికి తిరిగివచ్చేసరికి పుండు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఆ వైశాఖంలో అత్తమ్మ గుండం దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఏడు ఎవరూ ఏమీ అనలేదు. 1961లో వెళ్ళింది.

నేను ఆమె పక్కనే నిలబడ్డాను. నిప్పులు పరిచారు. డప్పులు మోగాయి. ఆమె జుట్టు విప్పింది. వేపమండలు పట్టుకుంది, కుడిచెయ్యి మూడు వేళ్ళతోనే పట్టుకున్నా గట్టిగానే పట్టుకుంది. ఊరంతా ఆమె వైపే చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకుంది. తల ఊగుతుందని ఎదురుచూశాం. ఊగలేదు. డప్పులవాళ్ళు దగ్గరికి వచ్చి ఇంకా గట్టిగా కొట్టారు. ఆమె భుజాలు కిందికి జారాయి. నుదుటి మీది నిలువు గీత పోయింది. ఆ ముఖం నాకు తెలుసు. పాలమూరులో ఎన్నిసార్లో చూశాను. ఆమె ఎక్కడుందో ఆ గుంపులో నాకొక్కదానికే అర్థమైంది.

కాసేపటికి కళ్ళు తెరిచింది. వేపమండలు పక్కనున్న ఇంకో ఆడమనిషి చేతిలో పెట్టి, జుట్టు ముడేసుకుని ఇంటివైపు నడిచింది. వెనక నుంచి ఎవరో అన్నారు, "ఎల్లమ్మను డాక్టరు పట్టుకపోయిండు." ఇంకెవరో నవ్వారు. నవ్విన మనిషిని పెద్దత్త తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇంట్లో ఆమె నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, అప్పుడు చెప్పింది.

"డప్పు ఇంటుంటె అమ్మ కోసం సూసిన. కాని కాళ్ళు వాగు దిక్కే పోయినయి. ఇసుకల సల్లగ కూసుంటి. నేనే ఆడ కూసుంటె అమ్మ యాడికెల్లి వస్తది బిడ్డా?"

ఏడ్చిందా అని అడిగితే, ఏడవలేదు. సంతోషంగా ఉందా అంటే, అదీ లేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ పండుగకు వెళ్ళి, అందరితో పాటు వెనక వరుసలో నిలబడి మొక్కి వచ్చేది. ఎవరినీ నిందించలేదు. డాక్టరును తలుచుకున్నప్పుడల్లా ఎడమచేత్తో కుడిచేతిని తడుముకునేది.

1963లో నా రెండో కాన్పుకు ఆమె నా తల దగ్గర కూర్చుంది. నొప్పులు ముదిరినప్పుడు ఆ మచ్చల చెయ్యి నా నుదుటి మీద పెట్టి, "గట్టు దిగు బిడ్డా. లెక్క బంజెయ్యి. చెయ్యి ముంచు" అంది. ముంచాను. నాకు మణికట్టు దాకే నీళ్ళు ఊరాయి. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను, నాకు సగమే పనిచేసింది. ఆ సగం చాలా పెద్దది.

దక్కినదాన్ని చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ చేత్తోనే రొట్టెలు కొట్టింది, పిల్లలకు తలంటింది, తన చీర తనే కట్టుకుంది. పోయినవి మాత్రం నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు.

కుడిచేతి చిటికెన వేలు, ఇక వంగలేదు. ఉంగరపు వేలు, సగమే వంగింది. గోళ్ళు రెండు. కుడిచేతి గాజులు, మచ్చ మీదుగా ఎక్కక. ఆ ఏటి ఆముదం, మొత్తం. ఊరికి, గుండం మీద ముందు నడిచే మనిషి ఒకరు. ఆమెకు, అమ్మవారు.